తడి ఆరకముందే

ఇరవై మూడు రోజుల పసిపిల్ల ఆరోగ్యమ్మ చాపిన కాళ్ళ మీద బోర్లా పడుకుని ఉంది. చీర మోకాళ్ళ దాకా ఎగదోపుకుని పీట మీద కూర్చున్న ఆరోగ్యమ్మ, ఎడమచేత్తో పిల్ల గడ్డం కింద ఆసరా ఇచ్చి, కుడిచేత్తో వీపు మీద సున్నిపిండి గుండ్రంగా రుద్దుతోంది. స్నానాలగది నిండా ఆవిరి. కిటికీ అద్దం మీద చెమ్మ చారలు కట్టి కారుతోంది. డిసెంబరు ఆఖరివారం. జగ్గయ్యపేటలో ఎనిమిదైనా ఎండ ఇంకా ప్రహరీ దాటి లోపలికి రాలేదు.

పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

"అయిపోయింది తల్లీ, అయిపోయింది," అంటూ ఆరోగ్యమ్మ చెంబుతో వేణ్ణీళ్ళు అందుకుంది. నీళ్ళు తగలగానే ఆమె వేళ్ళు భగ్గుమన్నాయి. పళ్ళు బిగపట్టి, రెండో చెంబు కూడా పోసింది. పిండి కొట్టుకుపోయి పిల్ల వీపు బయటపడింది.

చెవుల్లో దూది పెట్టుకుని, శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడ్డ మహతి వంగి చూసింది.

"ఆగు ఆరోగ్యమ్మా. వీపు మీద ఆ గీతలేంటి?"

సన్నటి ఎర్రగీతలు మూడు. ఆరోగ్యమ్మ వాటిని చూసింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకుంది. బొటనవేలి పక్కన, చూపుడువేలి కణుపుల మీద చర్మం నెర్రెలు విచ్చింది. నెర్రెల అంచులు గట్టిపడి పైకి లేచాయి. ఒకదాంట్లో రక్తం కనబడుతోంది.

"అమ్మా! ఒకసారి ఇలా రా," అని మహతి కేకేసింది.

రాజరాజేశ్వరి స్కూలుకి తయారవుతూ, జడ అల్లుకుంటూనే వచ్చింది. ఆమె హైస్కూల్లో బయాలజీ టీచరు. మనవరాలి వీపు చూసి కళ్ళజోడు సర్దుకుంది.

"ఏదీ, నీ చేతులు చూపించు."

ఆరోగ్యమ్మ పిల్లని మహతి చేతిలోని తువ్వాల్లోకి అందించి, రెండు చేతులూ ముందుకు చాపింది. రాజరాజేశ్వరి వాటిని ముట్టుకోలేదు. రెండడుగుల దూరంలోంచే మెడ వంచి చూసింది.

"ఇదేదో చర్మవ్యాధిలా ఉందే! ఎన్నాళ్ళ నుంచి?"

"జబ్బేం కాదండి, చలికి. ప్రతేడూ ఉండేదే. క్రిస్మస్ నెలొస్తే పగుల్తాయి, శివరాత్రికి పూడతాయి. కొవ్వొత్తి కరిగించి కొబ్బరినూనెలో కలిపి రాస్తన్నానండి."

"ఉండేదే అంటే ఎట్లా? పసిపిల్లని ముట్టుకునే చేతులు!"

మహతి పిల్లని గుండెకి హత్తుకుని గదిలోకి వెళ్ళిపోయింది. రాజరాజేశ్వరి జడ చివర రబ్బరు బిగించి, గొంతు తగ్గించింది.

"కష్టపెట్టుకోకు. రేపట్నుంచి రావద్దులే. చలి తగ్గాక చూద్దాం."

"సరేనండి."

ఆరోగ్యమ్మ చీర దించుకుని, పెరటి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుండగా లోపల్నుంచి ఫినాయిలు వాసన వచ్చింది. వెనక్కి తిరక్కుండా ఉండాల్సింది. తిరిగింది. తను ఇప్పటిదాకా కూర్చున్న పీటని రాజరాజేశ్వరి గోడకి ఆనించి, చీపురుతో గట్టిగా తోముతోంది. స్కూలుకి కట్టుకున్న చీర కుచ్చెళ్ళు తడవకుండా ఎడమచేత్తో పట్టుకుని మరీ తోముతోంది.

*

ఆరోగ్యమ్మ పిల్లలకి నీళ్ళు పోయడం మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు కావస్తోంది. ఆ వీధిలో ఇంజనీరింగు చదివే పిల్లలు కూడా ఆమె కాళ్ళ మీద పెరిగినవాళ్ళే. ఇప్పుడు చేతిలో ఉన్నవి రెండిళ్ళు. రెండోది అదే వీధి చివర, పరిమళ వాళ్ళది. అక్కడ రెండు నెలల మగపిల్లాడు.

మూడోరోజు పొద్దున్న పరిమళ గేటు దగ్గరే ఎదురొచ్చింది. గేటు గడియ తియ్యలేదు.

"ఆరోగ్యమ్మా, ఇవాళ వద్దులే. అత్తయ్యగారు కొన్నాళ్ళు ఆగమన్నారు."

"బాబుకి ఒంట్లో బాలేదామ్మా?"

"వాడు బానే ఉన్నాడు." పరిమళ గేటు ఊచని గోటితో గీకుతూ నిలబడింది. "నీకేదో అంటుకునే జబ్బంట కదా. రాజరాజేశ్వరి మేడం చెప్పారు. ఆవిడ సైన్సు టీచరు, ఊరికే చెప్పరు కదా... ఏమనుకోకు."

ఆరోగ్యమ్మ చేతులు కొంగులో చుట్టుకుంది. అంటుకునేదే అయితే ముందు నీ పిల్లాడికి అంటుకోవాలి కదమ్మా, రెండు నెలల్నుంచి వాణ్ణి రుద్దుతున్నా కదా, అని అనాలనిపించింది. "బాబు జాగ్రత్తమ్మా," అని ఇంటిదారి పట్టింది.

ఇంట్లో గిన్నెలన్నీ ముందేసుకుంది. తోమినవే మళ్ళీ తోమింది. బట్టల సబ్బునురగ నెర్రెల్లోకి దిగుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి మంటకి వచ్చిన నీళ్ళేనని చెప్పుకోవడం సులువైంది. ఆమె భర్త సొలొమోను పత్తి మిల్లులో బేళ్ళు ఎత్తుతాడు, మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ. అరుగు మీద కూర్చుని గడ్డం గీసుకుంటూ అద్దంలోంచి ఆమెని చూశాడు.

"ఏందే, ఇయ్యాల పెందలాడే వచ్చేశావు?"

"పని లేదు."

"ఎందుకు లేదు?"

ఆమె చెప్పలేదు. కానీ ఫోను మోగి, నందిగామ నుంచి కూతురు జయమణి "అమ్మా, తిన్నావా?" అని అడిగేసరికి మొత్తం చెప్పేసింది, పీట తోమడంతో సహా. సొలొమోను రేజరు పక్కనపెట్టి, సగం నురగతోనే విన్నాడు.

జయమణి నందిగామలో మందుల షాపులో పనిచేస్తుంది. రోజుకి పదిమందికి చర్మం మందులు అందించే మనిషి.

"అమ్మా, శుక్రవారం పొద్దున్నే బస్సెక్కు. మా వీధిలో చర్మం డాక్టరమ్మ ఉంది. చూపిద్దాం."

"చలికి పగిలినదానికి డాక్టరెందుకే?"

"నువ్వు ఎక్కుతావా, నన్నొచ్చి ఎక్కించమంటావా?"

*

బస్సు చిల్లకల్లు దాటాక కూడా మంచు విడలేదు. హైవేకి అటూ ఇటూ పత్తి చేలు, ఏరగా మిగిలిన దూది పుల్లలకి వేలాడుతూ కనిపించింది. మిరప చేలల్లో అప్పటికే కూలీలు వంగి ఉన్నారు. వాళ్ళ చేతులు ఎట్లా ఉంటాయో ఆరోగ్యమ్మకి తెలుసు. పదేళ్ళు ఆమె కూడా కోసింది. పగిలిన వేళ్ళతో మిరపకాయలు కోస్తే ఆ రాత్రికి అన్నం కలుపుకోవడం ఉండదు, చెంచాతో తినాల్సిందే.

డాక్టరమ్మ చిన్నపిల్ల. జయమణి కన్నా నాలుగేళ్ళు పెద్దదేమో. ఆరోగ్యమ్మ బల్ల మీద చేతులు పెట్టకుండా, కుర్చీ అంచున కూర్చుని, దూరం నుంచే చూపించబోయింది. డాక్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుని ఆ రెండు చేతులూ తన వట్టి చేతుల్లోకి తీసుకుంది. కిటికీ వెలుతురుకి తిప్పింది. బొటనవేలితో ఒక్కొక్క నెర్రె అంచూ తడిమి చూసింది. తన చేతిని మరొకరు ఇట్లా పట్టుకుని ఎన్నాళ్ళయిందో ఆరోగ్యమ్మకి గుర్తు రాలేదు.

"రోజుకి ఎన్ని గంటలు నీళ్ళల్లో ఉంటాయమ్మా, ఈ చేతులు?"

ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న. ఆరోగ్యమ్మ తెల్లారి లేచిన దగ్గర్నుంచి చెప్పుకుంటూ వచ్చింది. వాకిలి కల్లాపి, గిన్నెలు, బట్టలు, రెండిళ్ళ పిల్లలు, బాలింతల తలస్నానాలు, మళ్ళీ గిన్నెలు.

"ఐదారు గంటలుంటదండి."

"వేణ్ణీళ్ళా?"

"బాగా కాగినవేనండి. వేణ్ణీళ్ళల్లో ముంచితే ముందు చురుక్కుమన్నా, కాసేపటికి హాయిగా ఉంటది."

"ఆ హాయే పగలగొడుతోందమ్మా." డాక్టరమ్మ చేతులు వదల్లేదు. "మన చర్మానికి సొంతంగా జిడ్డు ఉంటుంది. వేణ్ణీళ్ళూ సబ్బూ దాన్ని కడిగేస్తాయి. చలిగాలి మిగిలిన తడి లాగేస్తుంది. ఎండిపోయిన చెరువులో మట్టిలాగా చర్మం నెర్రెలిస్తుంది. అంతే. ఇది ఎవరికీ అంటుకోదు."

"అంటుకోదా అండీ?"

"అంటుకోదు. నేను పట్టుకునే ఉన్నా కదా."

పద్నాలుగు రోజులు సబ్బు ముట్టకూడదు, అంట్లు తోమకూడదు, బట్టలు ఉతక్కూడదు. రాత్రి పడుకునేముందు గోరువెచ్చని నీళ్ళల్లో పది నిమిషాలు చేతులు పెట్టి, తుడవకుండా అద్ది, తడి ఆరకముందే లేపనం పట్టించాలి. పైన నూలు తొడుగులు వేసుకోవాలి.

"తడి మీదా అండీ? ఒళ్ళు ఆరాకే కదా నూనె రాస్తాం?"

"ఆరిపోయాక రాస్తే లోపల ఏముంటుంది ఆపడానికి? నీళ్ళుండగానే మూతపెట్టాలి."

లేవబోతూ ఆరోగ్యమ్మ తటపటాయించింది. "అంటుకునేది కాదని కాయితం మీద రాసిస్తారా అండీ? తెలుగులో."

డాక్టరమ్మ ఆమె ముఖంలోకి చూసి, ఎందుకని అడక్కుండా, పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చింది.

ఆ సాయంత్రం సొలొమోను ఆ కాయితం చదివి, "ఇప్పుడే పోయి ఆ టీచరమ్మ మొహాన పెట్టు," అన్నాడు.

ఆరోగ్యమ్మ దాన్ని బైబిల్లో పెట్టి మూసింది. "ముప్పై ఏళ్ళు చూసిన చేతుల్ని నమ్మనోళ్ళు కాయితాన్ని నమ్మితే నాకేం ఒరిగిద్ది?"

*

మొదటి రెండ్రోజులు ఆమెకి జైల్లో కూర్చున్నట్టే ఉంది. సొలొమోను వీధి కుళాయి దగ్గర అంట్లు ముందేసుకుని గొంతుక్కూర్చున్నాడు. బిందెలతో వచ్చిన ఆడవాళ్ళు నోళ్ళకి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"ఏం సొలొమోనన్నా, వదిన కొత్త ఉద్యోగమిచ్చిందా?" అంది ఒకామె.

"ఆవిడ చేతులకి డాక్టరమ్మ సెలవిచ్చింది. నా చేతులకి ఇంకా ఎవరూ ఇయ్యలా," అంటూ అతను బూడిద ఇంకాస్త అద్దాడు.

గిన్నెలకి జిడ్డు మిగిలిపోయేది. కూరగిన్నె అడుగు నల్లగానే ఉండేది. తెల్లటి తొడుగులు వేసుకున్న చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆరోగ్యమ్మ అటు చూడకుండా ఉండటానికి ప్రయత్నించేది. రెండుసార్లు లేచి, కుళాయి దాకా వెళ్ళి, వెనక్కి వచ్చింది.

మూడోరోజు రాత్రి చేతులు నీళ్ళల్లోంచి తీశాక, పక్కింటామె ఏదో అడగటానికి వస్తే మాటల్లో పడి, చేతులు పూర్తిగా ఆరాక లేపనం రాసుకుంది. పొద్దున్నకి చర్మం పైన జిగురుగా, లోపల బిగుసుకుపోయి ఉంది. మర్నాడు తడి మీదే రాసింది. తెల్లారి వేళ్ళు మడిస్తే చురుక్కుమనలేదు. ఐదోరోజుకి బొటనవేలి పక్క నెర్రె సన్నగా కూడుకుంది.

ఆమె వాకిట్లో ఎండలో కూర్చుని వేళ్ళు మడుస్తూ చాపుతూ చాలాసేపు చూసుకుంది. సంతోషం వేసింది. దాని వెనకే ఇంకోటి వచ్చింది. పెద్ద చర్మానికే వేణ్ణీళ్ళు పడకపోతే, పుట్టి నెల తిరగని చర్మం మాటేమిటి? పొగలు కక్కే నీళ్ళు, బరక సున్నిపిండి, పిల్ల ఏడుస్తున్నా పావుగంట రుద్దడం, పొడి తువ్వాలుతో తేమ మిగలకుండా తుడవడం, ఆపైన సాంబ్రాణి పొగ. శీతకాలం పిల్లలకి పొట్టు రాలడం ఆమె ప్రతేడూ చూసింది. మురికి పోతోందని తల్లులకి చెప్పింది. ఇంకా గట్టిగా రుద్దింది.

"ఏంది, అట్లా కూర్చున్నావు?" అన్నాడు సొలొమోను.

"ఏం లేదు. ఆ పిల్ల వీపు మీద గీతలు నావేనేమో."

"నీ గోళ్ళా?"

"గోళ్ళు కాదు. పని."

*

ఆరోరోజు మహతి ఫోను చేసింది. గొంతు అలిసిపోయి ఉంది. వెనకాల పిల్ల ఏడుపు వినిపిస్తోంది.

"ఆరోగ్యమ్మా, పిల్లకి ఒళ్ళంతా చేప పొలుసుల్లాగా లేస్తోంది. అమ్మ నీళ్ళు పోస్తోంది కానీ ఆవిడకి పట్టు రావట్లేదు. నిన్న చెయ్యి జారింది. దేవుడి దయ, నేను పక్కనే ఉన్నా." కాస్త ఆగింది. "నువ్వు మానేశాక కూడా గీతలు పడుతున్నాయి. పిల్లల డాక్టరుకి చూపిస్తే పొడిచర్మం, సున్నిపిండి ఒరుసుకుంటోంది అన్నారు. నీ చేతుల వల్ల కాదు."

ఆరోగ్యమ్మ ఫోను చెవికి ఇంకాస్త నొక్కుకుంది.

"రేపట్నుంచి రావా?"

"రాను తల్లీ. ఇంకా ఎనిమిది రోజులు నీళ్ళ పని చెయ్యకూడదన్నారు."

"కోపం వచ్చిందా?"

"కోపం ఉందమ్మా. లేదంటే అబద్ధమవుద్ది. కానీ రానిది కోపానికి కాదు, చేతులకి."

అవతల పిల్ల ఏడుపు హెచ్చింది. పసిదాని ఏడుపులో ఆకలి ఏదో, దురద ఏదో ఆరోగ్యమ్మ చెవి విడదీసి చెప్పగలదు. ఇది దురద.

"పిల్లనెత్తుకుని మా ఇంటికి రా. నీకు నేర్పుతా. నేను చెప్తా ఉంటా, నువ్వు పొయ్యి. శనివారం పదకొండింటికి రా, ఎండ బాగా ఎక్కాక."

మహతి నెల బాలింత, పసిపిల్ల, పేటలో ఆ చివరున్న కాలనీ. వాళ్ళింట్లో ఎవరూ ఎప్పుడూ ఆ వీధి మలుపు తిరిగి ఉండరు.

"అమ్మనడిగి చెప్తా," అంది.

*

రెండో శనివారం, స్కూలుకి సెలవు. ఆటో కాలనీ సందులోకి రాగానే కుళాయి దగ్గర మాటలు ఆగిపోయాయి. ముందు రాజరాజేశ్వరి దిగింది. ఒక చేతిలో కొత్త ప్లాస్టిక్ బకెట్టు, దాంట్లో మగ్గు, తువ్వాళ్ళు, సున్నిపిండి డబ్బా. ఆరోగ్యమ్మ ఆ బకెట్టుని చూసింది. దాని గురించి ఏమీ అనకుండా, "రండి మేడంగారూ, రామ్మా," అంటూ గుమ్మం ముందుకు వచ్చింది. రాజరాజేశ్వరి చెప్పులు ఎక్కడ విడవాలో తెలియనట్టు ఒక్క క్షణం నిలబడిపోయింది. మహతి అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది.

వాకిట్లో గాలి తగలకుండా దుప్పటి కట్టి ఉంది. సొలొమోను పత్తికట్టె మంట మీంచి కాగు దింపి, పక్కకి తప్పుకున్నాడు.

"కూర్చోమ్మా. కాళ్ళు చాపు. రెండూ దగ్గరగా పెట్టు, మధ్యలో సందుండకూడదు. ఆఁ. పిల్లని ఎట్లా పడుకోబెట్టాలంటే, తల నీ పాదాల వైపు."

మహతి భయపడుతూ పిల్లని కాళ్ళ మీద పెట్టుకుంది. ఆరోగ్యమ్మ తొడుగుల చేతులు గుండెల మీద కట్టుకుని ఆమె పక్కన వంగి నిలబడింది. చెయ్యి ముందుకి వెళ్తోంది, వెనక్కి లాక్కుంటోంది.

"వేడి చూడు. వేలితో కాదు, మోచేత్తో. ఎట్లా ఉంది?"

"అసలు వేడే తెలియట్లేదు."

"అదే కావాల్సింది."

రాజరాజేశ్వరి సున్నిపిండి డబ్బా మూత తీసింది. పెసలు, శనగపప్పు, కస్తూరి పసుపు; స్వయంగా ఆడించుకొచ్చింది.

"వద్దు మేడంగారూ. మూత పెట్టెయ్యండి."

"ఇన్నాళ్ళూ నువ్వే కదా రుద్దింది?"

"నేనేనండి. ముప్పై ఏళ్ళు రుద్దా. చలికాలం పిల్లల మీద తప్పు చేసా." ఆరోగ్యమ్మ గొంతు తగ్గించలేదు. గోడ అవతల బిందెలు పట్టుకున్న వాళ్ళకి కూడా వినపడింది. "చర్మానికి సొంత జిడ్డు ఉంటదంట. పిండీ వేణ్ణీళ్ళూ దాన్ని కడిగేస్తాయంట. నా చేతులకి చెప్పినమాటే ఆ బిడ్డకీ. నాకు చదువు లేదు, ఇప్పుడు తెలిసింది."

రాజరాజేశ్వరి డబ్బా పట్టుకుని అట్లాగే నిలబడింది. చర్మం పాఠం ఆమె ఇరవై రెండేళ్ళుగా చెబుతోంది. పొరలు, స్వేదగ్రంథులు, నూనె గ్రంథులు, రంగు సుద్దముక్కలతో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతుంది. ఆ బొమ్మకీ మనవరాలి వీపుకీ సంబంధం ఉందని ఆమెకెప్పుడూ తట్టలేదు. మూత బిగించి డబ్బా కింద పెట్టింది.

"నీళ్ళు పొయ్యండి మేడంగారూ," అంది ఆరోగ్యమ్మ.

"నేనా?"

"అమ్మాయికి రెండు చేతులూ ఖాళీ లేవు. నాకైతే చేతులే లేవు."

రాజరాజేశ్వరి చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని వంగింది. మొదటి మగ్గు దబ్బున పడింది. పిల్ల ఉలిక్కిపడింది.

"అట్లా కాదండి. సన్నగా. ఇంకా కిందనుంచి. ముందు కాళ్ళ మీద, తర్వాత వీపు. తల ఆఖర్న. ఆఁ, అట్లా."

రెండో మగ్గు ధార సన్నగా దిగింది. పిల్ల ఏడుపు అందుకోబోయి, ఎందుకో మానుకుని, నోరు తెరిచి ఎండవైపు చూసింది. ఐదు నిమిషాలైనా కాకముందే ఆరోగ్యమ్మ చాలంది. తువ్వాల్లో చుట్టించింది. రుద్దవద్దు, అద్దమంది. మెడ మడతలు, మోకాళ్ళ వెనక, చంకలు. ఇంకా మెరుస్తున్న ఒంటి మీదే కొబ్బరినూనె రాయించింది. మహతి అరచెయ్యి మొదట బిగుసుకుని ఉంది. తర్వాత పిల్ల వెన్ను వంపు దానికి దొరికింది. నూనె పట్టిన వీపు మీద పొలుసులు అణిగిపోయాయి. పిల్ల ఆవలించి, తల్లి మోకాలి మీదే కళ్ళు మూసింది.

మహతి తల వంచుకుని, "ఆరోజు నేనే అమ్మని పిలిచా," అంది మెల్లగా. ఆరోగ్యమ్మ విన్నది. పిల్ల తల మీద కుళ్ళాయి సర్దమని సైగ చేసింది.

రాజరాజేశ్వరి చేతులు తుడుచుకుంది. "నీ చేతులు బాగయ్యాక ఎప్పట్నుంచి వస్తావు?"

"మీ ఇంటికి ఇంక అక్కర్లేదండి. అమ్మాయికి వచ్చేసింది."

"అట్లా అంటే..."

"పరిమళమ్మగారి బాబుకి ఎవరు పోస్తన్నారో మరి. వాడికి చెవుల వెనక తొందరగా పుండవుద్ది. నాకు అంటుకునే జబ్బని మీరు చెప్పారంట."

మాట గట్టిగా అనలేదు. అడిగినట్టు కూడా అనలేదు. రాజరాజేశ్వరి ముఖం ఎర్రబడింది. గోడ మీంచి నాలుగు తలలు చూస్తున్నాయి. ఆమె బ్యాగులోంచి ఫోను తీసి, తడి వేళ్ళతో రెండుసార్లు నొక్కితే గానీ తెర కదల్లేదు.

"పరిమళా, నేనమ్మా, రాజరాజేశ్వరిని. ఆరోగ్యమ్మ సంగతి నీకు చెప్పానే... అది తప్పు. అంటుకునేదేం కాదు. తెలియకుండా అన్నా." అవతల ఏదో అడిగారు. ఆమె చుట్టూ ఒకసారి చూసింది. "ఎక్కడున్నానా? వాళ్ళింట్లోనే ఉన్నా. పిల్లకి స్నానం ఇక్కడే చేయించాం. నిద్రపోతోంది... నువ్వూ బాబుని తీసుకురా, చూసి నేర్చుకుందువుగాని. రేపే రా."

ఆరోగ్యమ్మ తొడుగుల చెయ్యి అడ్డంగా ఊపింది.

"రేపు ఆదివారం, చర్చికెళ్ళాలి. సోమవారం రమ్మనండి."

రాజరాజేశ్వరి ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, "సోమవారమంట," అని చెప్పింది.